ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు పలుకుతుంది?

తిరుపతిలో డిగ్రీ, పీజీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయులు, రైతులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

పలమనేరు, వి.కోట వైపు నుంచి పట్టు రైతులు కూడా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. అందుకే పట్టుపురుగుతోనే మొదలుపెడతాను. జన్యువుల సంగతి చెప్పుకోవడానికి అంతకంటే మంచి జీవి నాకు ఈ చుట్టుపక్కల కనబడదు.

పట్టుపురుగు ఒంట్లో అటొకటి ఇటొకటి రెండు పట్టు గ్రంథులు ఉంటాయి. ఒక్కోదానిలో మూడు భాగాలు. వెనక భాగం ఫైబ్రాయిన్ అనే ప్రోటీన్ తయారు చేస్తుంది. దారంలో అసలు పోగు అదే. మధ్య భాగం సెరిసిన్ తయారు చేస్తుంది. పోగుల్ని అంటిపెట్టే బంక అది. రీలింగ్‌కి, అంటే గూటి నుంచి దారం తీయడానికి, ముందు గూళ్లను ఉడకబెడతారే, అప్పుడు మెత్తబడేది ఈ సెరిసినే. ముందు భాగం సన్నటి గొట్టం, దారాన్ని నోటి దాకా తెస్తుంది. ఇప్పుడు ఒక్క విషయం ఆలోచించండి. వెనక భాగంలోని కణం, మధ్య భాగంలోని కణం, పేగులోని కణం, అన్నీ ఒకే గుడ్డు నుంచి పుట్టినవే. అన్నిటిలో ఉన్నదీ ఒకే డీఎన్‌ఏ. ఫైబ్రాయిన్ జన్యువు పేగు కణంలో కూడా ఉంది. మరి పేగులో పట్టు ఎందుకు తయారు కాదు?

1970ల మొదట్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, కార్నెగీ సంస్థ ప్రయోగశాలలో యోషియాకి సుజుకి, డొనాల్డ్ బ్రౌన్ అనే ఇద్దరు ఇదే ప్రశ్న వేసుకున్నారు. అప్పటికి రెండు జవాబులకు అవకాశం ఉంది. పట్టు గ్రంథి కణాలు ఫైబ్రాయిన్ జన్యువును మాత్రం ప్రత్యేకంగా వేల నకళ్లు తీసి పెట్టుకుంటాయేమో అన్నది ఒకటి. నకళ్లు అన్ని చోట్లా ఒకే లెక్కలో ఉన్నా, అక్కడ మాత్రమే ఆ జన్యువు పని చేస్తుందేమో అన్నది రెండోది. మొదటి జవాబు నిజమేనేమో అనిపించడానికి కారణం ఉంది. పట్టు గ్రంథి కణాలు ఒక దశ తర్వాత విడిపోవు, పెద్దవవుతూ పోతాయి. లోపల డీఎన్‌ఏ మాత్రం మళ్లీ మళ్లీ రెట్టింపై, చివరికి లక్షల రెట్లు పెరుగుతుంది. జన్యువు పని చేసినప్పుడు దాని నుంచి తయారయ్యే సందేశమే ఆర్‌ఎన్‌ఏ. వాళ్లు ముందు ఫైబ్రాయిన్ ఆర్‌ఎన్‌ఏను విడిగా తీశారు. పెద్ద జీవుల కణాల నుంచి ఒక జన్యువు తాలూకు సందేశ ఆర్‌ఎన్‌ఏను శుద్ధంగా తీసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. దాని సాయంతో జన్యువుల లెక్క చూశారు. గ్రంథిలో డీఎన్‌ఏ మొత్తం ఎంత పెరిగిందో ఫైబ్రాయిన్ జన్యువూ అంతే పెరిగింది. దానికి ప్రత్యేకంగా ఒక్క నకలు కూడా ఎక్కువ లేదు. 1972లో ఈ ఫలితం అచ్చయింది. అంటే తేడా జన్యువు ఉండటంలో లేదు, అది పని చేయడంలో ఉంది.

ఇంకో సంగతి పట్టు రైతులకు వెంటనే అర్థమవుతుంది. పురుగు నాలుగు జ్వరాలు, అంటే పొర విడిచే ఘట్టాలు, దాటి ఐదో దశకు వస్తుంది. జ్వరంలో ఉన్నప్పుడు అది మేత ముట్టదు, తల ఎత్తి కదలకుండా ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో ఫైబ్రాయిన్ జన్యువు పని ఆపేస్తుంది. పొర విడిచి మళ్లీ ఆకు తినడం మొదలుపెట్టాక తిరిగి పని మొదలుపెడుతుంది. ప్రతి జ్వరానికీ ఇదే వరస. ఆకు మేపే మనిషి బయట నుంచి చూసేదాన్ని, లోపల ఒక జన్యువు ఆగడంలో, కదలడంలో మనం కొలవగలుగుతున్నాం. ఈ రోజు మాట్లాడబోయేదంతా ఇలాంటి కొలతల గురించే.

దీన్ని పాఠ్యపుస్తకాల్లో జన్యు వ్యక్తీకరణ అంటారు. డీఎన్‌ఏలోని జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవుతుంది. ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవుతుంది. ఏ కణంలో, ఏ వేళ, ఏ జన్యువు నుంచి ఎన్ని నకళ్లు తయారవుతున్నాయి అన్నదే వ్యక్తీకరణ కొలత. ఇంట్లో సరుకుల చీటీ చూసి ఈ పూట ఏం వండుతున్నారో చెప్పలేం, పొయ్యి మీది గిన్నె మూత తీసి చూడాలి. జన్యువుల జాబితా సరుకుల చీటీ లాంటిదైతే, ఆర్‌ఎన్‌ఏ కొలవడం మూత తీసి చూడటం.

చీటీ ఒక్కటే చూస్తే ఎంత పొరబడతామో చెప్తాను. మనిషికి ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 20,000. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగన్స్ అనే నులిపురుగుకీ దాదాపు అన్నే. దాని ఒంట్లో ఉన్నవి 959 కణాలు, బీజకణాలు కాక. టమాటాకు సుమారు 35,000 జన్యువులు. మదనపల్లె మార్కెట్లో బాక్సులో ఉన్న కాయకు మన కంటే ఎక్కువ జన్యువులు ఉన్నాయన్నమాట. కాబట్టి లెక్క పెట్టి జీవిని అర్థం చేసుకోలేం. 1975లోనే మేరీ క్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ ఈ మాట గట్టిగా చెప్పారు. మనిషి ప్రోటీన్లూ చింపాంజీ ప్రోటీన్లూ పోల్చి చూస్తే అవి దాదాపు ఒకేలా ఉన్నాయి. శరీరంలో, నడవడికలో ఇంత తేడా రావాలంటే, అది జన్యువులు ఎప్పుడు ఎంత పని చేస్తాయన్న దాంట్లోనే ఎక్కువగా ఉండాలి అన్నారు. అప్పటికి దాన్ని నేరుగా కొలిచే సాధనం వాళ్ల చేతిలో లేదు.

సాధనాల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన ఆర్‌టీపీసీఆర్ పరీక్ష ఉంది కదా, అది కూడా ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే పద్ధతే. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిప్పి రాసే ఎంజైమ్‌ను 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనిపెట్టారు. అది లేకపోతే ఆ పరీక్షా లేదు, నేను ఇక్కడ చెప్పబోయే విషయాల్లో చాలావరకూ లేవు. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో గాజుపలక మీద జన్యువుల చుక్కలు పెట్టి ఒకేసారి చాలా జన్యువుల్ని కొలిచే మైక్రోఅరే వచ్చింది. మొదటి పలక మీద ఉన్నవి 45 జన్యువులు, అవి కూడా అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కవి. 2008 నాటికి ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్నీ ముక్కలుగా చదివేసి, ఏ జన్యువు నుంచి ఎన్ని ముక్కలు వచ్చాయో లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. ఈస్ట్ మీద ఆ పద్ధతి చూపిన 2008 నాటి పత్రంలో మొదటి పేరు ఉగ్రప్ప నాగలక్ష్మి. ఆ పేరు పత్రం మీద చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది, ఇక్కడున్న అమ్మాయిలకు చెప్పాలనిపించింది.

ఈస్ట్ అన్నాను కాబట్టి 1997 నాటి ఒక ప్రయోగం చెప్పాలి. జోసెఫ్ డిరీసి, విశ్వనాథ్ అయ్యర్, పాట్రిక్ బ్రౌన్ చేసినది. రొట్టె పులియబెట్టే ఈస్ట్‌కి చక్కెర ఉన్నంతసేపు అది చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్ చేస్తుంది. చక్కెర అయిపోయాక తాను చేసిన ఆల్కహాల్‌నే ఆక్సిజన్‌తో కాల్చుకుని బతుకుతుంది. ఈ మలుపు దగ్గర దాని ఆరు వేల పైచిలుకు జన్యువులన్నిటినీ వీళ్లు ఒకేసారి కొలిచారు. సుమారు 710 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ కనీసం రెండు రెట్లు పెరిగింది. సుమారు 1,030 జన్యువులది సగానికి, ఇంకా కిందకి పడిపోయింది. ఒక్క పంచదార అయిపోయినందుకు జన్యువుల్లో పావు వంతు పైగా తీరు మార్చుకున్నాయి.

అందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేరే. అలా మారిన జన్యువుల్లో చాలావాటి పని అప్పటికి ఎవరికీ తెలియదు. కానీ అవి ఎవరితో కలిసి పెరిగాయి, ఎవరితో కలిసి తగ్గాయి అన్నది కనబడింది. శ్వాసక్రియ జన్యువులతో పాటే ప్రతిసారీ పెరిగే జన్యువు ఉందంటే, దానికీ ఆ పనికీ ఏదో సంబంధం ఉండొచ్చు. రుజువు కాదు, జాడ. మరుసటి ఏడాది మైకేల్ ఐజన్ బృందం ఒకే తీరుగా నడిచే జన్యువుల్ని గుంపులుగా చేర్చే పద్ధతి చూపింది. ఎరుపు, ఆకుపచ్చ గళ్లతో ఉండే పటాలు మీరు పత్రాల్లో చూసి ఉంటారు, అవి అక్కడి నుంచే వాడుకలోకి వచ్చాయి. ఈనాటికీ కొత్త జీవిలో పేరు లేని జన్యువు కనబడితే మేము మొదట చేసే పని ఇదే, దాని తోడు ఎవరో చూడటం.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అంత వేడి కణానికి తగిలితే ఏమవుతుంది? ప్రోటీన్ల మడతలు చెదిరిపోతాయి, చెదిరినవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచో రిటోస్సా 1960ల మొదట్లో అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగల మీద పని చేస్తున్నారు. మామిడి రైతులు తిట్టుకునే పండు ఈగ వేరు, ఇది డ్రోసోఫిలా. దాని లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు చాలా పెద్దవి. ఎక్కడ జన్యువు జోరుగా పని చేస్తుందో అక్కడ క్రోమోజోము ఉబ్బుతుంది, మైక్రోస్కోపులో కంటికే కనబడుతుంది. ఒక రోజు ఇంక్యుబేటర్ వేడిని ఎవరో పెంచేశారు. రిటోస్సా చూసేసరికి ఉబ్బులు పాత చోట్ల లేవు, కొత్త చోట్ల ఉన్నాయి. ఆ పరిశీలనకు ప్రాముఖ్యం లేదని ఒక పత్రిక తిప్పి పంపిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. 1962లో వేరే పత్రికలో అచ్చయింది.

ఆ ఉబ్బుల్లో పని చేస్తున్నవి హీట్ షాక్ జన్యువులు. వాటి ప్రోటీన్లు చెదిరిన ప్రోటీన్లను పట్టుకుని మళ్లీ మడతలోకి తెస్తాయి. తర్వాత వెతుకుతూ పోతే బాక్టీరియాలో ఉన్నాయి, ఈస్ట్‌లో ఉన్నాయి, వరిలో, వేరుశనగలో, కోడిలో, మనిషిలో ఉన్నాయి. వీటిలో హెచ్‌ఎస్‌పీ70 అనేదాన్ని తీసుకుంటే, బాక్టీరియాలోని దానికీ మన దానికీ అమైనో ఆమ్లాల వరుస దాదాపు సగం ఒకటే. వేడి తగలగానే వాటి ఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో పెరగడం కూడా అన్నిచోట్లా కనబడుతుంది. కోట్ల ఏళ్ల కింద విడిపోయిన జీవుల్లో ఒకే ప్రక్రియ ఇప్పటికీ అదే జన్యువులతో నడుస్తోంది. అందుకే ఈగలో దొరికినది మన దగ్గర పనికొస్తుంది.

అయితే అన్ని జీవుల్లోనా? ఇక్కడే పోలికకు విలువ. అంటార్కిటికా మంచునీళ్లలో బతికే ట్రెమటోమస్ బెర్నాకీ అనే చేపను వేడి చేసి చూస్తే, ఆ స్పందన రాదు. దానిలో హీట్ షాక్ ప్రోటీన్లు లేక కాదు, ఉన్నాయి. వేడికి పెరగాల్సిన తీరు పోయింది. లక్షల ఏళ్లుగా నీటి వేడి మారని చోట ఉండటం వల్ల ఆ మీట పనికిరాకుండా పోయిందని అనుకుంటున్నారు. సముద్రం వేడెక్కుతున్న ఈ రోజుల్లో దానికి ఏమవుతుందో అన్న బెంగ నాకు నిజంగానే ఉంది.

హీట్ షాక్‌లో జీవులు వేరైనా జన్యువులు ఒకటే. దానికి పూర్తిగా ఎదురు తిరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. గడియారం. చింతాకు రాత్రి ముడుచుకుంటుంది, మనకు రాత్రి నిద్ర వస్తుంది. రెండిటికీ కణాల్లో ఇరవై నాలుగు గంటల జన్యు గడియారం ఉంది. ఈగలో పీరియడ్ అనే జన్యువును 1971లో కనోప్కా, బెంజర్ పట్టుకున్నారు. అది ఎలా నడుస్తుందో విప్పిచెప్పినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. జన్యువు ప్రోటీన్ చేస్తుంది, ఆ ప్రోటీన్ పేరుకున్నాక వెళ్లి తన జన్యువునే ఆపుతుంది, ప్రోటీన్ కరిగిపోయాక జన్యువు మళ్లీ మొదలవుతుంది. మనిషిలోనూ పీరియడ్ జన్యువులే ఉన్నాయి. మొక్కల్లోనూ ఇదే చక్రం, కానీ జన్యువులు పూర్తిగా వేరు. ప్రక్రియ ఒకటే, చేసేవాళ్లు వేరు. వ్యక్తీకరణను గంట గంటకూ కొలవకపోతే ఈ పోలిక మనకు తెలిసే దారే లేదు, ఎందుకంటే జన్యువుల వరుసలు పోల్చితే ఏ చుట్టరికమూ కనబడదు.

వాల్టర్ గేరింగ్ బృందం 1995లో చేసినది కూడా చెప్పాలి. ఎలుకలో కన్ను ఏర్పడటానికి కావాల్సిన పాక్స్6 అనే జన్యువును ఈగ కాలు దగ్గర పని చేసేలా పెట్టారు. కాలి మీద కన్ను వచ్చింది. ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. ఎలుక జన్యువు "ఇక్కడ కన్ను కట్టండి" అని చెప్పింది, ఈగ తనకు తెలిసిన కన్ను కట్టింది. ఒక జన్యువు వేళ కాని వేళ, చోటు కాని చోట పని చేస్తే ఎంత జరుగుతుందో దీన్ని మించి చూపలేం.

[ఒక విద్యార్థిని: మేడమ్, మనిషి గుండెలోని జన్యువులు మనిషి కాలేయంలోని జన్యువుల్లా పని చేస్తాయా, లేక ఎలుక గుండెలోని జన్యువుల్లాగా?]

చాలా మంచి ప్రశ్నమ్మా. దీని మీద పెద్ద వివాదమే నడిచింది. పోలిక ఎంత జాగ్రత్తగా చేయాలో అది నేర్పుతుంది కాబట్టి కొంచెం నిలబడి చెప్తాను.

2011లో బ్రావాండ్, హెన్రిక్ కేస్మాన్ బృందం పది జాతుల నుంచి ఆరు అవయవాలు తీసి ఆర్‌ఎన్‌ఏ చదివింది. మెదడు, చిన్నమెదడు, గుండె, మూత్రపిండం, కాలేయం, వృషణం. మనిషి, కోతులు, ఎలుక, ప్లాటిపస్, కోడి లాంటి జాతులు. కంప్యూటర్ వాటిని పోలికను బట్టి చేర్చితే, మొత్తం మీద గుండెలు గుండెలతో, కాలేయాలు కాలేయాలతో చేరాయి. జాతి వేరైనా అవయవం ఒకటైతే జన్యువుల తీరు దగ్గరగా ఉంది. మెదడులో ఈ తీరు చాలా నెమ్మదిగా మారింది, వృషణంలో వేగంగా మారింది.

తర్వాత 2014లో ఇంకో పెద్ద బృందం మనిషినీ ఎలుకనూ పోల్చి, దీనికి భిన్నమైన మాట చెప్పింది. మనిషి అవయవాలన్నీ ఒక గుంపు, ఎలుక అవయవాలన్నీ ఇంకో గుంపు అంది. అదే నిజమైతే మందుల్ని ఎలుకల మీద పరీక్షించడం మీదే అనుమానం వస్తుంది. 2015లో షికాగో విశ్వవిద్యాలయంలోని యోవ్ గిలాద్, ఓర్నా మిజ్రాహీ మాన్ ఆ సమాచారాన్నే మళ్లీ తీసి చూశారు. ఏ నమూనాను ఏ యంత్రంలో, ఏ విడతలో చదివారో వెతికారు. మనిషి నమూనాల్లో ఎక్కువభాగం కొన్ని విడతల్లో, ఎలుక నమూనాల్లో ఎక్కువభాగం వేరే విడతల్లో చదివినట్టు తేలింది. విడత మారితే కొలతలో వచ్చే తేడాను లెక్కలో తీసేస్తే, అవయవాలు మళ్లీ అవయవాలతోనే చేరాయి. మొదటి బృందం ఈ విమర్శను పూర్తిగా ఒప్పుకోలేదు. నా మటుకు నాకు ఆ విమర్శ సరైనదే. జాతి తేడానూ విడత తేడానూ విడదీయలేని పద్ధతిలో చేసిన కొలత నుంచి జాతి గురించి ఏమీ చెప్పకూడదు.

ఇక్కడున్న పీజీ విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోండి. నీళ్లు పెట్టిన మొక్కల్ని సోమవారం కోసి, ఎండబెట్టిన మొక్కల్ని గురువారం కోశారనుకోండి. ఫలితంలో కనబడేది కరువా, గురువారమా? ఉదయం ఎనిమిదికి ఒక మడి, మధ్యాహ్నం రెండింటికి ఇంకో మడి కోస్తే ఇంకా ఘోరం. అరబిడాప్సిస్‌లో సుమారు మూడో వంతు జన్యువులు గడియారం ప్రకారం నడుస్తాయి. మీరు కొలిచేది సూర్యుడి ప్రయాణం అవుతుంది. ఏ మడి నుంచి ముందు కోయాలో చీటీలు వేసి తేల్చుకోండి. కోసిన ఆకును వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయండి. మన చేతి మీద, చెమటలో ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములు ఉంటాయి కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

ఇక వేరుశనగ. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

మన చెనక్కాయ మొక్కలో రెండు అడవి మొక్కల డీఎన్‌ఏ కలిసి ఉంది. దక్షిణ అమెరికాలో అరకిస్ డ్యురనెన్సిస్, అరకిస్ ఇపాయెన్సిస్ అనే రెండు జాతులు ఎప్పుడో కలిసి, రెండిటి క్రోమోజోములూ నిలిచిపోయి ఈ పంట పుట్టింది. అందుకే ఇరవై జతల క్రోమోజోములు, సుమారు 270 కోట్ల అక్షరాల డీఎన్‌ఏ. దాన్ని పూర్తిగా చదివి 2019లో ప్రకటించారు. దీని వల్ల ప్రతి పనికీ దాదాపు రెండు జన్యువులు ఉంటాయి, ఒకటి ఈ తల్లి మొక్కది, ఇంకోటి ఆ తల్లి మొక్కది. రెండూ సమానంగా పని చేస్తాయా? అన్నిసార్లూ కాదు. కొన్నిచోట్ల ఒకటి మాట్లాడితే ఇంకోటి మౌనంగా ఉంటుంది. పేరులో, వరుసలో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఆర్‌ఎన్‌ఏను చదివితే గానీ ఇది బయటపడదు.

ఊడ దిగే తీరు చూడండి. పువ్వు నేల పైన పూస్తుంది. ఫలదీకరణ అయ్యాక పిండం కొద్ది కణాల దశలోనే ఆగిపోతుంది. పువ్వు అడుగు నుంచి ఊడ అనే సన్నటి కాడ సాగి నేల వైపు దిగుతుంది, దాని కొనలో ఆ ఆగిన పిండం ఉంటుంది. మట్టిలోకి దిగి చీకటి దొరికాకే కాయ ఊరడం మొదలవుతుంది. నేలకు అందని ఊడలు అలాగే ఎండిపోతాయి, అందుకే ఎర్రమట్టి గుల్లగా ఉండాలని, పూత సమయంలో మట్టి ఎగదోయాలని రైతులు అంటారు. గాలిలో ఉన్న ఊడనూ, మట్టిలోకి దిగిన ఊడనూ విడిగా తీసి ఆర్‌ఎన్‌ఏ పోల్చిన పరిశోధనలు చాలా వచ్చాయి. వెలుతురుకు స్పందించే జన్యువులు, హార్మోన్ల జన్యువులు ఈ రెండు చోట్లా వేరువేరుగా నడుస్తాయి. వెలుతురు తగిలితే ఆగి, చీకట్లో కదిలే ఈ ప్రక్రియ జన్యువుల్లో ఎలా రాసి ఉందో పూర్తిగా విప్పితే, దిగిన ప్రతి ఊడా కాయ అయ్యే దారి దొరకవచ్చు.

కరువు సంగతి. జపాన్‌లో కజువో షినోజాకి, కజుకో యమగూచి షినోజాకి దంపతులు అరబిడాప్సిస్‌లో డ్రెబ్ అనే జన్యువుల కుటుంబాన్ని కనిపెట్టారు. నీళ్లు తగ్గినప్పుడు, చలి వేసినప్పుడు ఇవి కదిలి, మొక్కను కాపాడే ఎన్నో జన్యువుల్ని ఒక్కసారి లేపుతాయి. సరే, డ్రెబ్1ఏ జన్యువు ఎప్పుడూ పని చేసేలా పెడితే మొక్క ఎప్పుడూ కరువును తట్టుకుంటుంది కదా అనుకున్నారు. పెట్టారు. మొక్క తట్టుకుంది, కానీ గిడసబారి పొట్టిగా ఉండిపోయింది. లేని కరువుతో రోజూ పోరాడితే ఎదగడానికి ఏం మిగులుతుంది? 1999లో వాళ్లే దానికి ఇంకో మీట తగిలించారు. ఆర్‌డీ29ఏ అనే ఆ మీట నీళ్లు తగ్గినప్పుడే పడుతుంది. మొక్క మామూలుగా పెరిగింది, కరువు వచ్చినప్పుడు తట్టుకుంది. జన్యువు అదే, వేళ మారింది, ఫలితం మారింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇదే జతను జేఎల్ 24 రకం వేరుశనగలో పెట్టి 2007లో ప్రకటించారు. తాగిన నీటికి ఎక్కువ ఎదుగుదల చూపిన మొక్కలు వాటిలో కనబడ్డాయి. ఆవాల కుటుంబంలోని కలుపు మొక్క అరబిడాప్సిస్ మీట, వేరుశనగ కణంలో కూడా అర్థమైంది.

రైతులు అడగబోయేది నాకు తెలుసు. ఆ విత్తనం మీకు దొరకదు. జన్యుమార్పిడి పంటల్లో మన దేశంలో అనుమతితో రైతులు సాగు చేస్తున్నది పత్తి ఒక్కటే. మన తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి లాంటి రకాలు సంకరంతో, ఎంపికతో వచ్చినవి. కానీ ఆ ఎంపికకూ ఈ విద్య పనికొస్తుంది. రెండు రకాల్లో ఒకటి బెట్టను తట్టుకుని ఇంకోటి వాడిపోతుంటే, ఆ గంటల్లో వాటి ఆర్‌ఎన్‌ఏలో తేడా ఎక్కడుందో చూస్తే, వచ్చే సంకరంలో దేన్ని వెంటాడాలో తెలుస్తుంది.

ఆఖరుగా బూజు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చెనక్కాయలో అఫ్లాటాక్సిన్ విషాన్ని వదులుతుంది. అది కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది, ఎగుమతుల్నీ దెబ్బతీస్తుంది. దాని తయారీకి కావాల్సిన పాతిక పైగా జన్యువులు ఆ బూజు డీఎన్‌ఏలో ఒకేచోట గుంపుగా ఉన్నాయి. 30 డిగ్రీల దగ్గర ఆ గుంపు జోరుగా పని చేస్తుంది. 37 డిగ్రీల దగ్గర బూజు బాగానే పెరుగుతుంది, కానీ గుంపు దాదాపు మూగబోతుంది, విషం చాలా తక్కువ. అంటే బూజు ఎంత ఉందో చూసి విషం ఎంత ఉందో చెప్పలేం. అటు మొక్క వైపు చూస్తే, కోతకు ముందు నాలుగైదు వారాలు వాన ముఖం చాటేస్తే, కాయ బూజును ఎదిరించడానికి తయారు చేసుకునే రసాయనాలు తగ్గిపోతాయి. ఇప్పుడు ఒక్క కాయను నూరి అందులోని ఆర్‌ఎన్‌ఏ మొత్తం చదివితే, ఏ ముక్క వేరుశనగది, ఏ ముక్క బూజుది అని కంప్యూటర్ విడదీస్తుంది. ఒకే కాయలో దాడి చేసేదీ, కాపాడుకునేదీ ఒకే గంటలో ఏం చేస్తున్నాయో రెండు వైపులా కనబడుతుంది. ఈ పరీక్షకు మన జిల్లా పొలాల కంటే సరైన చోటు ఏముంటుంది?

వైద్యం గురించి ఒక్క మాట. హార్మోన్‌కు స్పందించే తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో, గడ్డలోని 21 జన్యువుల వ్యక్తీకరణ కొలిచి మార్కు ఇచ్చే పరీక్ష ఉంది. పది వేలమందికి పైగా మహిళలతో చేసిన టైలర్‌ఎక్స్ అధ్యయనం 2018లో ప్రకటించారు. మధ్యస్థ మార్కు వచ్చినవాళ్లలో, ముఖ్యంగా 50 ఏళ్లు దాటినవాళ్లలో, కీమోథెరపీ అదనంగా ఇచ్చినా మేలు లేదని తేలింది. కీమో అక్కర్లేదని ధైర్యంగా చెప్పగలగడం ఎంత పెద్ద విషయమో ఆ బాధ చూసినవాళ్లకు తెలుసు.

ఈ కొలతకు హద్దులు కూడా ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ ఉన్నంత మాత్రాన ప్రోటీన్ అంతే ఉండాలని లేదు. రెండు జన్యువులు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. కారణమని తేల్చాలంటే ఒకదాన్ని ఆపి, రెండోది ఏమవుతుందో చూడాలి. ఒక్క మొక్క కొలిచి పంట గురించి రాయకూడదు. ప్రతి పరిస్థితికీ కనీసం మూడు విడి మొక్కలు కావాలి, ఇంకా ఎక్కువైతే మంచిది.

మా కాలేజీలో సీక్వెన్సింగ్ యంత్రం లేదు కదా అని డీలా పడే విద్యార్థులకు చెప్తున్నాను. జీఈఓ అనే అమెరికా ప్రభుత్వ భాండాగారం 2000 సంవత్సరం నుంచి ఉంది. ప్రపంచంలో జరిగిన ఇలాంటి ప్రయోగాల అసలు కొలతలు అందులో ఉచితంగా దొరుకుతాయి. మన దేశానికి కూడా ఫరీదాబాద్‌లో భారతీయ జీవ సమాచార కేంద్రం ఉంది. వేరుశనగ, పట్టుపురుగు, టమాటా సమాచారం ఇలాంటి భాండాగారాల్లో బోలెడు ఉంది. గిలాద్ బృందం చేసినదీ ఇదే, వేరేవాళ్ల కొలతల్ని తీసి మళ్లీ చూడటం. మంచి ప్రశ్న, ఒక ల్యాప్‌టాప్, ఆర్ అనే కంప్యూటర్ భాష కొంచెం వస్తే చాలు. మొదటగా ఆ ఊడ ప్రయోగాల్లో ఒకటి దించుకోండి. గాలిలోని ఊడకూ మట్టిలోని ఊడకూ తేడా చూపిన వంద జన్యువుల్ని తీసి, అరబిడాప్సిస్‌లో వాటికి సరిజోడి ఏవో, అక్కడ అవి చీకట్లో ఏం చేస్తాయో వెతకండి. దొరికిన జాబితాతో రండి, కూర్చుని చూద్దాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి. రైతులు ముందు అడగాలి, వాళ్లకు ఊరికి వెళ్లే బస్సు టైము అవుతోంది.